ఫ్యాన్ తిరిగితే పేరు కనబడదు

శ్రీకాకుళంలో దిక్కులేని పిల్లల కోసం ఒక ఇల్లు తెరవాలని పెద్దలు నడుం కట్టారు. చాలా సంతోషం. అలాంటి పిల్లలు మనకు తక్కువేం కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తండ్రుల్ని మింగేసిన ఇళ్లు కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉన్నాయి. మత్స్యకారులు వేట కోసం గుజరాత్ తీరం దాకా పోతారు. 2018 నవంబరులో అలా పోయిన మనవాళ్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ ఇంటి మొహం చూడలేదు. హైదరాబాద్‌లో తాపీ పనికి వలసపోయిన జంటల పిల్లలు అమ్మమ్మల దగ్గరా మేనత్తల దగ్గరా పెరుగుతున్నారు. కాబట్టి ఇల్లు కావాలి. ఇంటికి డబ్బు కావాలి. డబ్బుకి సభ కావాలి. సభకి కమిటీ కావాలి. కమిటీ వచ్చేసింది, తక్కినవి రావాలి.

మన జిల్లాలో దానం చేసే చేతులకు కొదవ లేదు. పేరు రాయడానికి చోటుకే కొదవ. గుడి మెట్టు, బస్టాపు బల్ల, శ్మశానం గేటు అన్నీ ఎప్పుడో నిండిపోయాయి. ఇప్పుడు పిల్లల ఇల్లొకటి దొరికింది.

ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక హోటల్ మేడ మీద సన్నాహక సమావేశం పెట్టారు. నేనూ వెళ్లాను. పెసరట్టు ఉప్మా బాగుంది. తర్వాత దాతల పట్టిక చదివారు. లక్ష ఇస్తే చలవరాయి మీద పై వరసలో బంగారు రంగు అక్షరాలు. 50,000 అయితే కింది వరసలో ఎరుపు. 10,000 ఇచ్చినవారి పేరు ఫ్యాను రెక్క మీద. 1,000 ఇచ్చినవారి పేరు స్టీలు గ్లాసు మీద చెక్కిస్తారు. పిల్లలు నీళ్లు తాగినప్పుడల్లా దాత గుర్తుకు రావాలి కదా.

అంతా సాఫీగా పోతుండగా ఒక రైసు మిల్లు యజమాని లేచారు. "ఏటండీ, ఫ్యాను తిరిగితే పేరు కనబడదు కదా?"

సభ మూగబోయింది. నిజమే. ఇంతమంది చదువుకున్నవాళ్లం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. ముందుగా ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు రెగ్యులేటరుని ఒకటో నంబరు దగ్గరే బిగించేయమన్నారు. మెల్లగా తిరిగితే ఓపికున్నవాళ్లు చదువుకోవచ్చట. మే నెల ఉక్కలో ఒకటో నంబరుకి పిల్లలు ఉడికిపోతారని ఎవరో గొణిగారు, మినిట్స్‌లోకి ఎక్కలేదు. రెక్కలొద్దు, మధ్యలో ఉండే గిన్నె మీద రాద్దామన్నారు ఇంకొకరు. కానీ దాత ఇంటిపేరు, పేరు, "విశ్రాంత తహసీల్దారు", పూర్వాధ్యక్ష పదవులు రెండు, ధర్మపత్ని గారి పేరు, ఎవరి జ్ఞాపకార్థమో ఆ పేరు, ఇవన్నీ గిన్నె మీద పట్టవు. పెద్ద గిన్నె ఉన్న ఫ్యాను ఏ కంపెనీ చేస్తుందో కనుక్కోవడానికి ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేశారు. చివరికి గోడకి ఒక రేకు కొట్టి, "పైన తిరుగుచున్న ఫ్యాను దాత" అని రాసి, బాణం గుర్తు వేయాలని తేల్చారు. అయినా మిల్లు యజమాని మొహం తేటపడలేదు. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పెద్దాయన, "కరెంటు పోయినప్పుడు రెక్కమీది పేరు శుభ్రంగా కనబడతాది లెండి" అన్నారు. చప్పట్లు మోగాయి. రెక్క మీద, రేకు మీద, రెండు చోట్లా రాయాలని తీర్మానం పాసైంది.

లెక్క చూస్తే గదులు 3, ఫ్యాన్లు 31 తేలాయి. ఎవరినీ నొప్పించలేం కాబట్టి అన్నీ బిగిస్తారు. స్విచ్ వేస్తే ఇల్లే లేచిపోతుందేమో.

తర్వాత దాతలకు ఆదాయపు పన్ను తగ్గించే రసీదుల సంగతి వచ్చింది. 2,000 దాటి నగదుగా ఇస్తే పన్ను మినహాయింపు రాదని ఆడిటరు గారు చెప్పారు. హాల్లో కరుణ అంతా ఠక్కున 2,000 దగ్గర ఆగింది.

నిజానికి ఈ ఇంటికి కావలసింది చలవరాయి కాదు. పదిమంది కలిసి నడిపే ఇలాంటి ఫోస్టర్ ఇంట్లో, అంటే కన్నవాళ్లు కాని వాళ్లు పిల్లల్ని సాకే ఇంట్లో, ఎనిమిది మందికి మించి పిల్లల్ని ఉంచకూడదని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎనిమిది మందికి ఒక అద్దె ఇల్లు, బియ్యం, పప్పు, గ్యాసు, నమ్మకమైన ఆయమ్మ ఉంటే చాలు. అయితే ఇవన్నీ నెలనెలా కావాలి, ఏళ్ల తరబడి కావాలి. అక్కడే వచ్చింది చిక్కు. పప్పు మీద పేరు రాయలేం. ఆయమ్మ జీతం మీద రాయలేం. అర్ధరాత్రి జ్వరంతో మూలుగుతున్న పిల్లని ఆటోలో రిమ్స్‌కి తీసుకెళ్తే ఆ కిరాయి మీద ఎవరి ధర్మపత్ని పేరు రాస్తాం? నెలకి 500 చొప్పున మూడేళ్లు ఇచ్చేవాళ్లు చేతులెత్తండి అంటే, ఉన్న చేతులన్నీ పెసరట్టు మీదకి వెళ్లాయి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. రాబోయే చందాల సభ కార్యక్రమ పత్రంలో అయిదో అంశం పేరు "చిన్నారుల మనోగతం". అంటే ఏమిటని అడిగాను. ఉద్దానం వైపు నుంచి నలుగురు పిల్లల్ని వ్యాన్‌లో తెస్తారట. ఒక్కొక్కరూ మైకు ముందుకొచ్చి నాన్న ఎలా పోయాడో చెప్పాలట. "ఓ గుంట ఏడ్సిందంటే చాలండీ, చందాలు అవే పడతాయి" అన్నాడొకాయన, నవ్వుతూ.

మీ ఇంట్లో చావు జరిగితే దినం రోజున మీ మనవరాల్ని కల్యాణమండపం స్టేజీ ఎక్కించి, తాతయ్య ఆఖరి రోజుల్లో ఎలా మూలిగాడో చెప్పమ్మా, గట్టిగా, వెనక వాళ్లకి వినబడటం లేదు అని అనగలవా? ఆ ఏడుపుని ఫోన్లో తీసి వాట్సాప్‌లో పెట్టగలవా? నీ పిల్ల అయితే పరువు, వాళ్ల పిల్ల అయితే పబ్లిసిటీనా? రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫొటో, బడి, ఏదీ బయట పెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఫ్లెక్సీ మీద ఆ పిల్లల మొహాలు ఇప్పటికే అచ్చయ్యాయి. దాతల మొహాల కన్నా చిన్నవిగా.

ఇంకోటి. ఆ నలుగురిలో ఇద్దరికి అమ్మ ఉంది. కూలికి పోతుంది. ఏడాది ఆదాయం పల్లెలో 72,000 దాటని కుటుంబమైతే పిల్లల కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పిల్లలు తల్లి దగ్గరే ఉంటారు. హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గమనే చట్టం చెబుతోంది. ఎవరిని ఎక్కడ ఉంచాలో తేల్చేది బాలల సంక్షేమ సమితి, ఫ్యాన్ల ఉపసంఘం కాదు. ఆ తల్లికి దరఖాస్తు నింపి పెట్టడానికి ఒక పెన్ను, ఒక పూట చాలు. కానీ ప్రారంభోత్సవానికి ఎనిమిది తలకాయలు కనబడాలట, లేకపోతే ఫొటో వెలితిగా ఉంటుందట. థూ.

అయిదో అంశం తీసేయమని పోట్లాడాను. "పరిశీలిస్తాం" అన్నారు. ఇంతలో ఆయమ్మగా కుదిరిన మనిషి వచ్చి, జీతం ఒకటో తారీకుకి ఇస్తారా అని అడిగింది. జీతం సంగతి తర్వాత చూద్దాం, ముందు సభలో నీకూ ఒక శాలువా కప్పుతామన్నారు అధ్యక్షులు. "సాలువా వద్దు బాబూ, దాని డబ్బులు ఇచ్చీండి" అంది.

మినిట్స్ పుస్తకంలో ఆ రోజు ఆఖరి తీర్మానం ఇది: "ఆయమ్మ నిరాకరించినందున ఒక శాలువా మిగులుచున్నది. దానిని అధ్యక్షుల వారికి రెండవ శాలువాగా కప్పవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."