ఫారిన్ చిలకంట, మన కడప పాలకొండల్లో పుట్టిన ఫారిన్!

మా అపార్ట్‌మెంట్ కింద ఫ్లోర్ సార్ ఇందాక పిలిచి కొత్త పంజరం చూపించాడు. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇక్కడ కక్కేస్తున్నా.

లోపల రెండు చిలకలు. ఒకదానికి తలంతా నేరేడుపండు రసం పూసినట్టు ఎర్రగా, ఊదాగా, మెడకు నల్ల పట్టీ, భుజాల మీద ముదురెరుపు మచ్చ. రెండోదాని తల బూడిద రంగు, మెడ చుట్టూ పసుపు. "రెండూ వేరే వేరే ఫారిన్ జాతులప్పా, అందుకే రేట్లు కూడా వేరే" అంటాడు గొప్పగా. సారూ, అవి మొగుడూ పెళ్లాలు! జాతి ఒకటే, ఇంగ్లీషులో ప్లమ్-హెడెడ్ పారాకీట్ అంటారు, మగదానికే ఆ రంగు తల, అదీ పుట్టుకతో రాదు, పిల్లప్పుడు ఆకుపచ్చ తలే, మగదానికి పూర్తి రంగు తిరగడానికి రెండేళ్లు దాటాలి. భారత ఉపఖండం దాటితే ఏ అడవిలోనూ ఉండని పక్షిని కడపలో ఫారిన్ అని అమ్మినోడికి ఒక దండం, కొన్నాయనకు రెండు.

రెక్క విప్పి చూస్తే పెద్ద ఈకలన్నీ కత్తెరతో ఒకే గీతలో కోసేసి ఉన్నాయి. మోదుగ, బూరుగ పూల రేకులు కొరుక్కుంటూ 'ట్యూయ్' అని అరుస్తూ కొండలెంబడి దూసుకుపోయే పక్షికి ఈయన పెట్టింది ఏంటో తెలుసా, గ్లూకోజ్ బిస్కెట్. పాలలో ముంచి మరీ. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా చెట్టు తొర్రల్లో గుడ్లు పెట్టే కాలం, పొదిగేది ఆడదే, దాన్ని పట్టుకొస్తే తొర్రలో గుడ్లు ఏం కావాలి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది సార్, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు అంటే నవ్వుతాడు. "పిల్లోళ్లు ముచ్చటపడినారప్పా, ఎవరొచ్చి చూస్తారు? ఇంట్లో చిలకుంటే లక్ష్మీకళ." లక్ష్మీకళ కావాలంటే గడపకు పసుపు రాయండి సార్, రెక్కలు కొయ్యడమెందుకు.

అసలు ఈయనకు చెప్పి ఏం లాభం, మా గేటు పక్క వేపచెట్టు కొట్టించింది ఈయన కమిటీయే కదా! ఏటా రామచిలకలు పిల్లల్ని చేసే తొర్ర ఉండేది దాంట్లో. 2018లో మన రాష్ట్ర పక్షి రామచిలక, రాష్ట్ర వృక్షం వేప అని ప్రకటించారు, మావాళ్లు రెండింటినీ ఒకే పొద్దున లేపేశారు. కారణం? కారు మీద రెట్టలు పడుతున్నాయంట. ఆ కారు ఎవరిదో మళ్లీ చెప్పాలా? అడ్డం పడితే "మీకు కారు లేదు కదా, మీకేం తెలుస్తుంది" అన్నాడు నలుగురిలో. ఎండాకాలం రాగానే మాత్రం పక్షులకు నీళ్లు పెట్టండి అని గ్రూపులో ఫార్వర్డ్ చేసేది ఈయనే, పైన చేతులు జోడించిన బొమ్మలు మూడు.

అన్నట్టు, ఆ వేప మొద్దులు అమ్మిన డబ్బుల లెక్క ఇంతవరకూ గ్రూపులో పెట్టలేదు.