మా వీధిలో కాలుష్యం అంతరించింది

కిందటి దసరా నాడు ఉదయం పది గంటల పది నిమిషాలకు, పురోహితుడు పెట్టిన ముహూర్తానికే, మా వీధిలో కాలుష్యం అంతరించింది. ఆ క్షణాన నేను కరెంటు కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. పొగ లేదు, చప్పుడు లేదు. కుక్కలు సైతం వెంటపడలేదు.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని కొందరు అసూయాపరులు అడుగుతారు. రామగుండంలో బొగ్గు మండితే వస్తుందని నాకూ తెలుసు. అందుకే రామగుండాన్ని మా వీధిలో పెట్టలేదు.

ఇక బ్యాటరీ పుట్టింటి సంగతి. చిలీలోని అటకామా ఎడారిలో నేల అడుగునున్న ఉప్పునీటిని తోడి, మడుల్లో ఏడాదికి పైగా ఎండబెట్టి లిథియం తీస్తారు. మా అమ్మ డాబా మీద వడియాలు పెట్టే పద్ధతే. కాకపోతే అమ్మకు గిన్నెడు నీళ్లు చాలు. అక్కడి ఉప్పు మడుగుల్లో బతికే ఫ్లెమింగోలు మన పులికాట్‌కు వచ్చేవాటికి దాయాదులే. ఇక్కడివాటికి సూళ్లూరుపేటలో పండుగ చేస్తున్నాం కనుక దాయాదుల బాగోగులు మనకు పట్టవు.

చాలా కారు బ్యాటరీల్లో కోబాల్టు అనే లోహం కూడా పడుతుంది. ప్రపంచంలో తవ్వే కోబాల్టులో సగానికి పైగా కాంగోదే. కొల్వేజీ చుట్టుపక్కల గోతుల్లో దిగి చేతులతో తవ్వేవారిలో పిల్లలు కూడా ఉన్నారని చదివి కలత చెందాను. వెంటనే కారు పుస్తకం తిరగేశాను. నాది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. కోబాల్టూ లేదు, నికెలూ లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మెలిక అక్కడే ఉంది. పాత బ్యాటరీని పొడి చేసి లోహాలు తీసేవాళ్లకు గిట్టుబాటయ్యేది ముఖ్యంగా ఆ కోబాల్టు, నికెళ్ల వల్లనే. ఇనుము, ఫాస్ఫేటు కోసం పొయ్యి వెలిగించేదెవరు? పిల్ల గుణవంతురాలే, కట్నమే లేదు.

పెట్రోలు బండివాళ్లు అప్పుడే చంకలు గుద్దుకోనక్కర్లేదు. పుట్టుక నుంచి తుక్కు దాకా లెక్క కడితే వాళ్ల పొగే ఎక్కువ. పైగా పెట్రోలును రెండోసారి వాడిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

బ్యాటరీకి ఆ భాగ్యం ఉంది. కారుకు పనికిరాని బ్యాటరీలో కూడా 70, 80 శాతం సత్తువ మిగిలే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ స్టేడియంలో 2018లో 148 నిస్సాన్ లీఫ్ కరెంటు కార్లకు సరిపడా బ్యాటరీలను, పాతవీ కొత్తవీ కలిపి, కరెంటు నిల్వకు పెట్టారు. మనకూ 2022 నాటి నిబంధనలున్నాయి. పాతదాన్ని సేకరించే బాధ్యత తయారీదారుదే. 2026-27 నుంచి అందులోని సరుకులో 90 శాతం తిరిగి రాబట్టాలి.

మొన్న కింది వాటా మాస్టారి కరెంటు స్కూటరు బ్యాటరీ పోయింది. పాత సామాను కొనే అబ్బాయిని పిలిచాం. తక్కెడ కింద పెట్టి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సీసం బ్యాటరీ అయితే కిలో లెక్కన ఇప్పుడే డబ్బులిస్తాను మాస్టారూ. ఇది లిథియం. కొడితే అంటుకుంటుంది, కొట్టకపోతే ఏమీ రాదు."

"దీనికి నిబంధనలున్నాయి బాబూ, అన్నీ కాగితం మీద ఉన్నాయి," అన్నాను గంభీరంగా.

"కాగితాలైతే తెండి సార్, తీసుకుంటాను."

బ్యాటరీ మెట్ల కిందికి చేరింది. మాస్టారు దాని మీద పాత గోనెపట్టా పరిచారు. ఇప్పుడు రెండు వాటాలవాళ్లమూ చెప్పులు దాని మీదే పెడుతున్నాం.