పరాయి ప్రభకు పెట్టిన భుజం

ముందుగా ఒక మనవి. మా ఊరి పేరు చెప్పను. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకు ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకువచ్చే అలంకరించిన ఎత్తైన కట్టడాలు, తరలివచ్చే పదకొండు ఊళ్ళలో అదొకటి, అంతే. ఊహించుకోగలిగినవాళ్ళు ఊహించుకోండి. మా బాబాయి చెవిన వెయ్యకుండా ఉంటే చాలు.

కథ భుజంతో మొదలైంది. పోయిన ఏడాది మే నెలలో, అటక మీది ఆవకాయ జాడీ అందుకోబోతే నా కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది. బతిమాలాను, కసిరాను. కదల్లేదు. డాక్టరుగారు పరీక్షించి ‘ఫ్రోజెన్ షోల్డర్’ అన్నారు. నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్యవాళ్ళకు ఎక్కువగా వస్తుందట, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళంటే దానికి మరీ ఇష్టమట, పూర్తిగా సడలడానికి ఏడాది నుంచి మూడేళ్ళ దాకా పట్టవచ్చట. హైదరాబాదు ఎండలకు రోడ్ల మీది తారుతో సహా అన్నీ కరుగుతుంటే నా భుజం ఒక్కటీ గడ్డకట్టింది!

ఆ తరువాతి అవమానాలు అన్నీ చెప్పను. దువ్వెన తల దగ్గరకు రాదు కాబట్టి తలనే వంచి దువ్వెన దగ్గరకు తీసుకువెళ్ళేవాణ్ణి. చొక్కా తొడుక్కోవడానికి మా ఆవిడ సాయం కావలసి వచ్చేది. తొడుగుతూ ఆవిడ పాత బాకీలన్నీ గుర్తుచేసేది. మా అపార్ట్‌మెంటు సమావేశంలో నెలవారీ చందా పెంచడాన్ని వ్యతిరేకించేవాళ్ళు చేతులెత్తమన్నారు. నాది సగం లేచింది. కోశాధికారి కళ్ళజోడు సవరించుకుని చూసి, ‘పాక్షికంగా అంగీకరించారు’ అని రాసుకున్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడుసార్లు ఇంటికి వచ్చేది. నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, చేతివేళ్ళను సాలీడులా గోడ మీద పైకి పాకించమనేది. ఎంత దాకా పాకితే అక్కడ పెన్సిలుతో గీత. చిన్నపిల్లల ఎత్తు కొలుస్తారే, అలాగ. “అంకుల్, ఇంకొక్క అంగుళం!” అనేది. ఆ అంగుళంలో నాకు బ్రహ్మాండం కనిపించేది. జూన్‌లో గడ్డం దగ్గర ఉన్న గీత డిసెంబరుకు నుదురు దాటింది.

సంక్రాంతికి ఊరు బయలుదేరుతుంటే మా ఆవిడ ఒకటే మాట అన్నది. “మీరు ప్రభను చూడటానికి వెళుతున్నారు. మోయడానికి కాదు.”

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా కోనసీమ కాకుల సంగతి వేరు. ఆ రోజు మనుషులే కాదు, దేవుళ్ళు కూడా ఇంటిపట్టున ఉండరు. పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ప్రభలెక్కి మొసలపల్లి శివారులోని జగ్గన్నతోటలో కలుసుకుంటారు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. కొబ్బరితోట, అంతే. దారి కావలసివస్తే ప్రభలు పచ్చని వరిచేలోంచి నడిచిపోతాయి. గట్టు మీద గొడ్డు కాలు పెడితే కర్ర తీసే రైతు, ఆ రోజు తన పైరు తొక్కినందుకు దణ్ణం పెడతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటుతుంటే నీళ్ళలో మోసేవాళ్ళ తలలు మాత్రమే కనిపిస్తాయి.

ఇదంతా నేను చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూసినవాణ్ణి. ఒక చేత్తో తీర్థంలో, అంటే ఆ జాతరలో, కొన్న పాకం జీడి, రెండో చేత్తో నాన్న జుట్టు. ఒక ఏడాది జనం ఒక్కసారిగా తోసుకొచ్చేసరికి ఏ చేత్తో ఏది పట్టుకున్నానో మరిచిపోయాను. జీడి పాకం నాన్న నడినెత్తిన అంటుకుంది. కిరోసినుతో రుద్దారు, కొబ్బరినూనెతో రుద్దారు, చివరికి కత్తెరే దిక్కయింది. ఆ సంక్రాంతికి దిగిన కుటుంబం ఫొటోలో నాన్న తలపాగాతో ఉండటానికి కారణం రాజసం కాదు.

మరి గర్వం ఉండదా? 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థమే కదిలింది. టీవీలో అది కనిపించింది కొద్దిసేపే. నేను మాత్రం దాని గురించి ఆఫీసులో ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.

ఇక అసలు సంగతి. రద్దీకి కారు ఎక్కడో ఆపేశారు. బావమరిది కొబ్బరిబోండాల దగ్గర ఆగాడు, నేను పొలం గట్టున నడిచాను. అప్పుడు వచ్చింది ప్రభ. రంగురంగుల బట్టలు, గంటల మోత, మధ్యలో స్వామి. నా గుర్తులో మా ప్రభకు పసుపు బట్ట, నీలం అంచు. దీనికీ అవే. ఆ గుర్తు నలభై ఏళ్ళనాటిదన్న సంగతి నాకు తట్టలేదు. మోస్తున్న కుర్రాడొకడి కాలు జారింది. “పట్టండి బాబాయ్!” అని అరిచాడు. ఆ ప్రాంతంలో తల నెరిసిన ప్రతివాడూ బాబాయే. నేను మాత్రం ఊరు నన్ను గుర్తుపట్టిందనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. ఎడమ భుజం వాసం కింద పెట్టేశాను.

ముందున్నవాళ్ళు “శరభ… శరభ…” అన్నారు. వెనకవాళ్ళం “అశ్శరభ… శరభ!” అన్నాం. చేలో ఎవరిదో చెయ్యి నీడ నిటారుగా లేచింది. ఎవరిదా అని తల ఎత్తి చూశాను. వేలికి పగడపు ఉంగరం. నాదే! గోడ మీద గీతలన్నీ దాటి, చెవిని రాసుకుంటూ, నా కుడి చెయ్యి ఆకాశంలో ఉంది. దించి మళ్ళీ ఎత్తాను. లేచింది. ఇంకోసారి. లేచింది. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. పోతే పోయింది. పదేళ్ళవాడినైపోయాను. ఆ ఊపులో, గొంతు పగిలేలా, మా ఊరి పేరు పెట్టి “జై!” అని అరిచాను.

ఎవరూ బదులు పలకలేదు. పాతికమంది మెడలు, వాసాల కింద తిరగడానికి వీలున్నంత మేర, నా వైపు తిరిగాయి.

పక్కనున్న పెద్దాయన మర్యాదగా అడిగారు. “తమరిది ఏ ఊరండీ?”

చెప్పాను.

“అయితే మీది అదిగోనండీ, వెనక వస్తోంది.”

వెనక్కి చూశాను. ఇరవై గజాల దూరంలో మా ప్రభ. దానికి ఎర్ర బట్ట. ముందు నడుస్తున్నది మా బాబాయి. ఆయన కళ్ళలోకి చూడలేక ముందుకు తిరిగిపోయాను. పోనీ తప్పుకుందామంటే గట్టు మీద ముందొకడు, వెనకొకడు. తోట దాకా ఆ పరాయి ప్రభను మోశాను. అరుపులకు మాత్రం పెదవులు కదిపానంతే.

తోటలో నా చేతి సంగతి బయటపడింది. ప్రభ ఊరివాళ్ళు నా చుట్టూ చేరి, “చూశారా, మా స్వామి మహిమ!” అన్నారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని పైకీ కిందికీ ఆడించి అందరికీ చూపించాడు. బాబాయి అదంతా విని, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, “ఒరే, మన స్వామి నీ వెనకే వస్తున్నాడు. ఆయన చూపు నీ వీపు మీద పడింది. బాగుచేసింది ఆయనే, పేరు కొట్టేసింది వీళ్ళు” అని తీర్పు చెప్పారు. ఇంతలో వ్యాఘ్రేశ్వరం ప్రభ రావడంతో, ఆనవాయితీ ప్రకారం మిగతా ప్రభలన్నీ గౌరవంగా పైకి లేచాయి. తగవు అక్కడికి ఆగింది.

హైదరాబాదు వచ్చాక ఫిజియోథెరపీ అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. ఓపికగా విన్నది. “ఎనిమిది నెలలు నేను చేయించింది ఎవరి ఖాతాలో వెయ్యమంటారు అంకుల్?” అని అడిగి, ఆఖరి గీత గీసి వెళ్ళిపోయింది.

ఆ గీతలు చెరిపి గోడకు రంగు వేయిద్దామని మా ఆవిడ అంటోంది. కాస్త ఆగమన్నాను. ఎందుకో చెప్పలేదు. వారం రోజులుగా నా ఎడమ చెయ్యి అటక దాకా వెళ్ళడం లేదు.