చంటిపిల్ల విమానం ఎక్కితే చెవులు పగలవు

"ఏడాది నిండని బిడ్డల్ని విమానం ఎక్కించకండి, పదిమందికీ పంపండి" అంటూ మొదలయ్యే వాట్సాప్ మెసేజీ ఒకటి కోనసీమలో తిరగని గ్రూపు లేదేమో. మొన్న ఒక్క ఆదివారమే నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. నాలుగోది పంపిన మా మేనత్త అంతటితో ఊరుకోలేదు, రాజోలు నుంచి ఫోన్ కూడా చేసింది. "ఏమే, పిల్లదాని చెవులు చిల్లులు పడిపోతాయంట కదే! నువ్వెలా తీసుకెళ్లిపోయావే?"

నిరుడు నేను ఐదు నెలల పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఒక్కదాన్నే శంషాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్ వెళ్లాను. ఇప్పుడు సెలవుకి అమలాపురం వచ్చాం. దాని చెవుల సంగతంటారా, వంటింట్లో బెల్లం డబ్బా మూత తీస్తే పెరట్లోంచి పరుగెత్తుకొస్తుంది. అయినా ఒక్క పిల్ల బాగుంటే సరిపోదు కాబట్టి ఆ మెసేజీలో ఉన్నవన్నీ వరసగా చూద్దాం.

మొదటిది: "గాలి ఒత్తిడికి చెవి గూబలు పగులుతాయి, నూనె చుక్క వేసి దూది పెట్టండి." నొప్పి నిజమే, గూబ పగలడం మాత్రం ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి చాలా అరుదు. గొంతు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. మనం గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని రెండు వైపులా ఒత్తిడి సమానమవుతుంది. విమానం దిగేటప్పుడు ఇబ్బంది ఎక్కువ. కావాలని గుటక వేయడం పసిపిల్లలకి తెలీదు, అందుకని మనమే వేయించాలి. రొమ్ము పాలో, సీసా పాలో, నోట్లో పెట్టే రబ్బరు పీకో, ఏదైనా సరే. నేను ఎదురుగా ఉన్న తెర మీద మ్యాప్ చూసుకుంటూ, దిగడం మొదలయ్యే ఆఖరి అరగంటకి ఒక పూట పాలు ఆపి ఉంచాను. ఇంకో మాట. పిల్ల ఏడిస్తే చుట్టుపక్కల వాళ్లు చూసే చూపులకి మనకి చెమటలు పడతాయి గానీ, ఆ ఏడుపుకి కూడా గొట్టం తెరుచుకుంటుంది. సమస్య ఉన్నది గూబకి అవతలి వైపు, ఇవతల దూది కుక్కితే ఏం లాభం? జలుబు బాగా పట్టినా, చెవిలో చీము ఉన్నా అప్పుడు డాక్టరుని అడగాల్సిందే.

రెండోది: "పైన ఆక్సిజన్ ఉండదు." విమానం బయట గాలి బాగా పలచన, ఊపిరికి సరిపోదన్నమాట నిజమే. లోపల మాత్రం 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఎంత గాలి ఉంటుందో అంత ఒత్తిడి ఉంచుతారు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు, అంటే 7,300 అడుగుల పైమాటే. అక్కడ పిల్లలు పుట్టి పెరగడం లేదా? నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బున్న వాళ్లకీ ఈ మాట వర్తించదు. వాళ్లు పిల్లల డాక్టరు సరేనన్నాకే టికెట్ కొనాలి. అప్పుడే పుట్టిన బిడ్డని విమానాల వాళ్లే ఎక్కించుకోరు. పుట్టగానే వేసేవి కాక, తర్వాతి టీకాలు ఆరు వారాలకి పడతాయి, అవి అయ్యాక వెళ్తే మంచిది.

మూడోది రేడియేషన్ భయం, దాని గురించి ఒక్క ముక్క. పదహారు గంటల ప్రయాణంలో మన మీద పడేది ఇంచుమించు 0.1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్‌ని కొలిచే లెక్క అది). గడప దాటకుండా ఇంట్లో కూర్చున్నా ఏడాదికి పడేది ప్రపంచ సగటున ఇంచుమించు 2.4 మిల్లీసీవర్ట్‌లు.

ఇక నాకు ఒళ్లు మండించింది నాలుగోది. "తప్పనిసరై వెళ్తే ఎక్కేముందు జలుబు సిరప్ చెంచాడు పట్టించండి, దిగేదాకా లేవరు." పైన మూడు లేనిపోని భయాలు పెట్టి, నిజంగా ప్రమాదమైనదాన్ని మందు కింద చెప్పారు! ఇలా నిద్రకి వాడే సిరప్‌లలో ఎక్కువగా వినపడే పేరు ఫెనర్గాన్, అందులో ఉండేది ప్రోమెథజీన్. రెండేళ్ల లోపు పిల్లలకి అది ఇస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే మందు వివరాల కాగితంలో గడి కట్టి మరీ హెచ్చరిక వేయించింది. మన దేశంలో కూడా క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుని నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని 2023 డిసెంబరులో ఆదేశాలు వచ్చాయి. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చారంటే మంచిదనుకోవద్దు. పైగా కొందరు పిల్లలు ఈ మందుకి నిద్రపోరు సరికదా, ఇంకా రెచ్చిపోతారు. అది గాల్లోకి లేచాక తెలిస్తే ఏం చేస్తాం? చెంచాడు బ్రాందీ నాకించే పాత చిట్కా కూడా మెసేజీ కింద ఎవరో కలిపారు. దాని గురించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

అయిదోది: "సెక్యూరిటీలో పాలు, నీళ్లు లాక్కుంటారు." చేతి బ్యాగులో ద్రవం ఒక్కో సీసాలో 100 మిల్లీలీటర్లు మించకూడదన్న రూలు పెద్దవాళ్లకి. చంటిపిల్లల పాలకీ, తిండికీ, ప్రయాణానికి సరిపడా సడలింపు ఉంటుంది. బ్యాగులో అడుగున దాచకుండా బయటికి తీసి చూపించాలి, అంతే.

ఆఖరిది: "రెండేళ్ల లోపు టికెట్ లేదు, పాస్‌పోర్ట్ అక్కర్లేదు, తల్లిది చాలు." ఇది నమ్మి ఎయిర్‌పోర్ట్ దాకా వెళ్తే వెనక్కి రావడమే. విదేశీ ప్రయాణాల్లో ఒళ్లో పిల్లకి మామూలుగా పెద్దవాళ్ల టికెట్‌లో ఇంచుమించు పదో వంతు, పైన పన్నులూ కట్టాలి. ముందు వరస గోడకి తగిలించే తొట్టె కావాలంటే ముందే చెప్పుకోవాలి, దానికి బరువు లెక్క ఉంటుంది.

పాస్‌పోర్ట్ రోజుల బిడ్డకైనా విడిగా ఉండాల్సిందే. మాకు దగ్గర్లో భీమవరం సేవా కేంద్రం ఉంది. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్షర్ డి అనే సమ్మతి పత్రం కావాలి. తండ్రి పరాయి దేశంలో ఉంటే ఆయన సమ్మతి కాగితం ముందే తెప్పించుకోండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన వాళ్లకి పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. మేం బోల్తా పడింది అక్కడే. ఆసుపత్రి నుంచి పుట్టుక నమోదైంది గానీ అప్పటికి బారసాల కాలేదు, సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. దాన్ని నింపించుకుని మళ్లీ తెచ్చుకునేసరికి మూడు వారాలు పోయాయి.

ఇవన్నీ అత్తకి ఫోన్‌లోనే చెప్పాను. ఆవిడ భయానికి కారణం అప్పుడు బయటపడింది. మా మరదలు పురిటికి వచ్చి మూడు నెలలు, అల్లుడు మస్కట్‌లో, వచ్చే నెల ప్రయాణమట.

"సరే అత్తా, సర్టిఫికెట్‌లో పిల్లాడి పేరు ఎక్కించారా?" అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు.

"మేం పెట్టిన పేరు వాళ్ల నాన్నకి నచ్చలేదంటే, ఇంకా తేలలేదు" అంది.