దయచేసి సూర్యుణ్ని అలా చూడకండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు తొమ్మిదోసారి వచ్చింది. పైన 'తెల్లవారుజామున ఇంట్లోంచే ప్రకృతిని ఆస్వాదించండి, మందులతో పని లేదు' అన్న మాట, కింద పొగమంచు కమ్మిన కొండల ఫొటో, ఆ కింద ఏడు పాయింట్లు, చివర 'కనీసం పది మందికి పంపండి'. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే. నేను రోజూ చీకటి ఉండగానే లేచి బాల్కనీలో కూర్చుంటానని వాళ్లకు తెలుసు, నాకు నచ్చుతుందనుకున్నారు. ఆ వేళంటే నాకు ప్రాణం కాబట్టే ఆ మెసేజ్ చూస్తే ఒళ్లు మండుతోంది.

మొదటి పాయింట్: తెల్లవారుజామున గాలిలో ఆక్సిజన్, ఓజోన్ ఎక్కువగా ఉంటాయట. గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అర్ధరాత్రయినా మిట్టమధ్యాహ్నమయినా మనిషికి తేడా తెలిసేంతగా అది మారదు. పైగా రాత్రంతా చెట్లు కూడా మనలాగే ఊపిరి పీలుస్తాయి. వెలుతురు వచ్చాకే ఆక్సిజన్ తయారీ మొదలుపెడతాయి. ఇక ఓజోన్ ఎక్కడో ఆకాశంలో ఉంటేనే మనకు మేలు. నేల మీద ఉంటే ఊపిరితిత్తులకు హాని. అదృష్టవశాత్తూ అది ఎండలో తయారయ్యేది కాబట్టి తెల్లవారుజామున తక్కువే ఉంటుంది. చలికాలంలోనైతే ఆ వేళ చల్లటి గాలి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా కప్పేస్తుంది. పొగా దుమ్మూ ఆ మూత కిందే చిక్కుకుంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లను ఆ గంటలో కిటికీలన్నీ తెరిచి గట్టిగా ఊపిరి పీల్చమనడం వాళ్లకు సాయం చేయడం కాదు.

పక్షులు సూర్యుడికి స్వాగతం పలుకుతాయన్నది రెండోది. దానితో నాకు పెద్ద గొడవ లేదు. నిజానికి చాలా జాతుల్లో మగపక్షులు 'ఈ కొమ్మ నాది, ఇటు రావద్దు' అని చెబుతుంటాయి, లేదా జతను పిలుస్తుంటాయి. చీకట్లో మేత సరిగ్గా కనబడదు, గాలి కదలదు, చప్పుళ్లు తక్కువ. పాడటానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఇది తెలిశాక నాకు ఆ పాట మరింత ఇష్టమైంది.

మూడోది: మంచు బిందువులు ఆకాశం నుంచి రాలిన స్వచ్ఛమైన నీరు, కళ్లలో వేసుకోండి. వేసుకోకండి. మంచు ఎక్కడి నుంచీ రాలదు. మబ్బు లేని రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. అప్పుడు గాలిలోని తేమ ఆ ఆకు మీదే నీరవుతుంది. గొడుగులా కప్పిన చెట్టు కింద గడ్డి మీద మంచు అంతగా కనబడకపోవడానికి కారణం ఇదే. ఆకు మీద ఏ దుమ్ము, ఏ క్రిమి ఉంటే అది కూడా ఆ చుక్కలోకి చేరుతుంది. ఇంకో సంగతి: కొన్ని ఆకుల అంచున ముత్యాలు వరసగా పేర్చినట్టు కనిపించే చుక్కలు అసలు మంచే కాదు. వేళ్లు రాత్రంతా తోడిన నీటిని మొక్క ఆకు అంచుల నుంచి బయటికి నెడుతుంది. కుండీలో చిన్న మొక్క ఉన్నా చాలు, చూడొచ్చు.

ఇక నాలుగోది. ఈ ఖండన రాయడానికి అసలు కారణం అదే. 'ఉదయిస్తున్న సూర్యుణ్ని పది నిమిషాలు రెప్ప వాల్చకుండా చూడండి. కళ్లజోడు అవసరం పోతుంది. కళ్లు నీళ్లు కారితే భయపడవద్దు, మలినాలు పోతున్నట్టు.'

మా పిన్ని ఇది చదివి నాలుగు రోజులు అలాగే చూసింది. నాలుగో రోజు ఫోన్ చేసి, అక్షరాల మధ్యలో మసకగా ఉందే అంది. ఎందుకు చేశావని గట్టిగా అడిగితే, "నువ్వు రోజూ చూసేది అదే కదే" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను ఆకాశాన్ని చూస్తాను, సూర్యుణ్ని కాదు. ఆ తేడా చెప్పాలని నాకెప్పుడూ తోచలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. సూర్యుడు ఆకాశపు అంచు మీద ఉన్నప్పుడు ఆ వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటి కంటే 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి వస్తుంది. దారిలో నీలిరంగు చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది, కాంతి తగ్గుతుంది. అందుకే మెత్తగా కనిపిస్తాడు. కానీ భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో అతను నాలుగు నిమిషాలకు సుమారు ఒక డిగ్రీ పైకి వస్తాడు. మెసేజ్ చెప్పిన పది నిమిషాలు పూర్తయ్యేసరికి ఆ గాలి అడ్డు సగానికి పైగా తగ్గిపోయి ఉంటుంది. దుమ్మూ పొగమంచూ లేని రోజున మొదటి నిమిషంలోనే కళ్లు జిగేల్‌మంటాయి. కంటి లోపలి తెరకు, అంటే రెటీనాకు, నొప్పి తెలియదు. అది కాలుతున్నా మనకు ఏమీ అనిపించదు. కొన్ని గంటల తర్వాత చూపు మధ్యలో మచ్చ కనబడుతుంది, గీతలు వంకరగా కనిపిస్తాయి. సరిగ్గా మనం చదివే చోట, ఎదుటివాళ్ల ముఖం చూసే చోట. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఎప్పటికీ పోదు. నయం చేస్తుందని రుజువైన మందు లేదు. పిల్లల కంటి కటకం పెద్దవాళ్ల కన్నా తేటగా ఉంటుంది, లోపలికి ఎక్కువ కాంతిని వదులుతుంది. ఈ మెసేజ్‌లో 'పిల్లలతో కూడా చేయించండి' అని ఉంది!

కళ్లు నీళ్లు కారడం మలినాలు పోవడం కాదు. శరీరం ఆపమంటోంది. ఆ ఒక్క హెచ్చరికను కూడా పట్టించుకోవద్దని రాసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. వాళ్లకు ఎవరి కళ్ల మీద ఈ హక్కు ఉందనుకున్నారు? పది మందికి పంపమన్నారు, వాళ్లలో ఒక్కరి చూపు పోతే ఎవరు తెచ్చిస్తారు?

కిటికీ అద్దం లోంచి పడే లేత ఎండతో విటమిన్ డి వస్తుందన్న అయిదోదానికి రెండు వాక్యాలు చాలు. అందుకు కావలసిన అతినీలలోహిత కిరణాలను మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం తీసేసినా, నీడ మనిషి కంటే పొడుగ్గా పడే వేళలో అవి నేలకు చేరేది చాలా తక్కువ.

ఏడోదాన్ని కూడా ఇలాగే కొట్టిపారేద్దామని కూర్చున్నాను. 'కిటికీ లోంచి చెట్టును చూసినా జబ్బు త్వరగా తగ్గుతుంది' అని ఉంది. కానీ ఇందులో నిజముంది, ఒప్పుకుంటున్నాను. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' అనే పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన రోగుల్లో 23 మందికి కిటికీ లోంచి చెట్లు కనబడేవి, 23 మందికి ఇటుక గోడ కనబడేది. చెట్లు చూసినవాళ్లు దాదాపు ముప్పావు రోజు ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే, తెల్లవారుజాముతో సంబంధం లేనిదే. వాళ్లకూ ఆపరేషన్ జరిగింది, వాళ్లూ మందులు వాడారు. అయినా మంచం మీంచి లేవలేనివాళ్లకు కిటికీ తెర తీసి పెట్టమని చెప్పినందుకు ఆ మెసేజ్‌కు నా కృతజ్ఞతలు. పొద్దుటి వెలుతురు మన ఒంట్లోని గడియారాన్ని సరిచేస్తుందన్నదీ నిజమే. దానికి సూర్యుణ్ని చూడనక్కరలేదు, ఆకాశపు వెలుగు కంట్లో పడితే చాలు.

వదిలేసిన ఆరోది: తూర్పు కిటికీ లేనివాళ్లకు ఈ భాగ్యం లేదట. ఎంతమంది మనసు చిన్నబుచ్చుకుని ఉంటారో! పడమటి కిటికీ ఉన్నవాళ్లు రేపు సూర్యోదయానికి పావుగంట ముందు లేవండి. ఆకాశం తేటగా ఉంటే, అడుగున బూడిద కలిసిన నీలంలో ఒక పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ కనబడతాయి. తూర్పున వెలుగు పెరిగేకొద్దీ నీలం పట్టీ కిందికి దిగుతూ, సూర్యుడు పొడిచే వేళకు అంచులో కలిసిపోతుంది.

పిన్నికి ఇది చెప్పాను. కంటి డాక్టర్ కొన్ని వారాలు ఆగి చూద్దామన్నారు, ఆ మసక ఇంకా పూర్తిగా పోలేదు. అయినా నిన్న చీకటితో ఫోన్ చేసింది.

"ఆ నీలంగా ఉన్నది మబ్బు కాదూ?"

"కాదు పిన్నీ. మనం నిలబడ్డ ఈ భూమి నీడే."

కాసేపు మాట్లాడలేదు. "ఇంకా దిగుతోంది, ఉండు, తర్వాత చేస్తా" అని పెట్టేసింది.