నీళ్లపాలకో పర్యావరణ పురస్కారం

విజయనగరంలో మా వీధి కుళాయికి రోజుకు గంటసేపు నీళ్లొస్తాయి. ఆ గంటలో నిండిన బిందెలు, బకెట్లు లెక్కపెట్టుకుని బతికే మనిషిని నేను. అలాంటివాడి కంట మొన్న ఒక లెక్క పడింది. లీటరు పాలు రావాలంటే ప్రపంచ సగటున సుమారు 1,000 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయట. అంటే 20 లీటర్ల బకెట్లు 50. నా పొద్దుటి కాఫీలో పడే 100 మిల్లీలీటర్ల పాలకే 5 బకెట్లు! స్నానానికి రెండో బకెట్ ముట్టుకుంటే ఇంట్లోవాళ్లమీద కేకలేసే నేను, రోజూ ఐదు బకెట్లు ఊదుకుని మరీ తాగుతున్నానన్నమాట.

నేరస్థురాలిని పట్టుకోవాలి కదా. మా పాలబ్బాయిది చంపావతి ఒడ్డున ఊరు. వెళ్లి వాళ్ల గేదెను చూశాను. కుడితి తొట్టిలో మూతి పెడితే గుటక గుటకకీ మట్టం దిగుతోంది. రోజుకు 60, 70 లీటర్లు తాగేస్తుంది, కాదనను. మరి మిగతాదంతా ఎక్కడ? మేతలో ఉందట. అందులోనూ 80 శాతానికి పైగా ఆకాశం నుంచి పడిన వానే. పైగా ఈ గేదె నమిలేది వరిగడ్డి. ఆ వరికి పెట్టిన నీళ్లు నా అన్నం పద్దులో రాయాలా, దీని పద్దులోనా? గేదెనే అడిగాను. నెమరు ఆపకుండా త్రేన్చింది.

ఆ త్రేన్పు మరో కేసు. అందులో ఉండే మీథేన్ నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. అది వెనకనుంచి వస్తుందని జనం అనుకుంటారు గానీ, ఎక్కువ భాగం వచ్చేది నోటినుంచే. ఇన్నాళ్లూ మనం తప్పు దిక్కున నిలబడి ముక్కు మూసుకున్నాం.

ఊరి చివర కొత్త షెడ్డు కూడా చూశాను. జెర్సీ ఆవులు, ఫ్యాన్లు, నీటి తుంపర్లు. పక్కన మండువేసవిలోనూ పచ్చగా సూపర్ నేపియర్ గడ్డి. మోటారు ఆగిన పాపాన పోలేదు. పక్క రైతు బోరు గాలి కక్కుతోంది. షెడ్డు కడిగిన నీళ్లు పేడతో సహా గెడ్డలోకి పోతున్నాయి. దాన్ని అభివృద్ధి అంటారు కాబట్టి నేనేమీ అనలేదు. అదే గేదె చెరువులో కాసేపు పడుకుంటే మాత్రం నీళ్లు పాడుచేసిందని కర్ర తీస్తాం.

ఇంటికొచ్చి కాగితం, పెన్ను తీశాక అసలు సంగతి తట్టింది. అరలీటరు పాలకు 500 లీటర్లు. అందులో అరలీటరు నీళ్లు కలిపితే? లీటరు "పాలు" 500 లీటర్లకే వచ్చేశాయి! ప్రపంచ శాస్త్రవేత్తలు ఇంకా తల బద్దలుకొట్టుకుంటున్న పని మా పాలబ్బాయి సైకిల్ మీద చేసుకుపోతున్నాడు. మీగడ కట్టడం లేదని ఇరవై ఏళ్లుగా మా ఆవిడ ఇతన్ని అనుమానించింది. లాక్టోమీటరు కొందామని కూడా అంది. పర్యావరణ ద్రోహం!

మర్నాడు గుమ్మంలోనే అభినందించాను. క్యాను దించి, ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు.

"ఏటి బాబూ, ఎటకారమా? కాఫీలోకి మీరెలాగా నీళ్లు పోసుకుంతారు గదా. అవేవో నేనే పోసి తెస్తన్నాను. మీకు కుళాయి నీళ్లు మిగల్లేదేటి?"