ఆ మాటెత్తితే పిల్లలు చెడిపోతారట

ఈ నెలలో ఈ వాట్సాప్ ఫార్వర్డ్ నాకు రావడం ఇది ఐదోసారి. టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వచ్చింది, వదిన పంపింది, మా స్టాఫ్ గ్రూప్‌లో ఒక సార్ పెట్టి కింద మూడు దండాలు కూడా పెట్టారు, ఇప్పుడు మా బాబాయ్ గుడ్ మార్నింగ్ గులాబీతో కలిపి పంపారు. "తల్లిదండ్రులారా, తస్మాత్ జాగ్రత్త" అని మొదలవుతుంది. స్కూళ్లలో మెంటల్ హెల్త్ పేరు చెప్పి పిల్లలకి లేనిపోనివి నూరిపోస్తున్నారు, అందుకే ఈ తరం పిరికిదైపోయింది అని దాని సారాంశం. ఆరు పాయింట్లు, ఒక్కోదానికి ఒక ఎర్ర సైరన్ బొమ్మ. పదిమందికి పంపకపోతే మీకు పిల్లల మీద ప్రేమ లేనట్టేనట.

నాలుగుసార్లు ఊరుకున్నా. బాబాయ్ ఇంట్లో ఇంటర్ సెకండియర్ మనవరాలుంది, అందుకని ఇక ఊరుకోబుద్ధి కాలేదు. నేను డాక్టర్‌ని కాదు, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని, అంతే.

"మా కాలంలో డిప్రెషన్ అనేదే లేదు" అని మొదటి పాయింట్. ఆ ఇంగ్లిష్ మాట లేదేమో బాబాయ్, అది మాత్రం ఉంది. తిండి మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్న పిల్లని "మనాది పట్టుకుంది" అనేవాళ్లు మన నానమ్మలు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు. మనోవ్యాధికి మందు లేదనే సామెత ఏమన్నా అమెరికా నుంచి దిగుమతి అయిందా? ప్రతి ఊళ్లోనూ పరీక్ష పోయిన ఏడాది "పోయిన" అన్నయ్య ఒకడుంటాడు, ఆ పేరెత్తగానే అందరూ కాఫీ గ్లాసులోకి చూస్తారు. మీకూ గుర్తొచ్చే ఉంటాడు ఈపాటికి.

బెత్తం దెబ్బలు తిని గట్టిపడ్డాం అనేది రెండోది. సరే, గట్టిపడ్డారు. పదండి.

మూడోది ఫోన్. ఫోన్ లాక్కుంటే అన్నీ సర్దుకుంటాయట. మరి మన రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్లలో పిల్లల చేతికి ఫోన్ ఇవ్వరు కదా, ఆదివారం లైన్లో నిలబెట్టి అమ్మానాన్నలతో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు, తెల్లారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, అక్కడి పిల్లలంతా నవ్వుతూ తుళ్లుతూ ఉన్నారా మరి? ఫోన్ వల్ల నిద్ర పాడవుతుందనేది నిజమే, మా క్లాసులోనే ఫస్ట్ పీరియడ్‌కి సగంమంది ఆవలిస్తుంటారు, ఆ మాటకి నేను అడ్డు చెప్పను.

ఇక నాలుగోది. నాకు అసలు కోపం దీని మీదే. ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "ఆత్మహత్య అనే మాట పిల్లల ముందు ఎత్తితే లేని ఆలోచన పుట్టుకొస్తుంది, కాబట్టి దాని గురించి అడిగే టీచర్ల మీద కంప్లైంట్ ఇవ్వండి."

మిగతా ఐదూ నవ్వుకుని వదిలేయొచ్చు, ఇది వదలకూడదు, ఎందుకంటే దీన్ని మంచివాళ్లు కూడా నమ్ముతారు. నేనూ నమ్మాను చాలా ఏళ్లు. పిల్ల ముభావంగా కనిపిస్తే "ఏమ్మా ఒంట్లో బాలేదా" అని అడిగేదాన్ని, అంతకు మించి అడిగితే నేనే గొయ్యి తవ్వినట్టవుతుందేమో అని భయం. ఈ భయం నిజమా కాదా అని తేల్చుకోడానికే న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల్ని తీసుకున్నారు, సగంమందిని ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడిగారు, సగంమందిని అడగలేదు, రెండ్రోజులాగి మళ్లీ చూశారు. అడిగిన పిల్లల్లో బాధా పెరగలేదు, ఆ ఆలోచనలూ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లకైతే అడగడం వల్ల కాస్త బరువు దిగింది. ఇది బయటికొచ్చింది 2005లో. బాబాయ్, ఆ ఏడు పుట్టినవాళ్లు ఇప్పుడు ఓట్లేస్తున్నారు, మన ఫార్వర్డ్‌కి మాత్రం కబురందలేదు.

2015లో ఇంకోటొచ్చింది. యూరప్‌లో పది దేశాలు, 168 స్కూళ్లు, పదకొండు వేలకి పైగా పిల్లలు. కొన్ని స్కూళ్లలో పిల్లల చేతే చిన్న చిన్న నాటికల్లాంటివి వేయించి, కష్టమొస్తే ఎవరికి చెప్పాలి, స్నేహితుడు అలా మాట్లాడితే ఏం చేయాలి అని ఐదు గంటలు మాట్లాడించారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ స్కూళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు, మాట్లాడించని స్కూళ్లతో పోలిస్తే, దాదాపు సగమే. మొత్తం కలిపి ఐదు గంటలు! మేం స్లిప్ టెస్ట్ పేపర్లు పంచి తీసుకోవడానికే అంతకన్నా ఎక్కువ టైం పడుతుంది.

ఇవన్నీ తెల్లోళ్ల లెక్కలు అంటారని తెలుసు. సరే, ఇంటికే వద్దాం. 2019 ఏప్రిల్, తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్. మార్కుల్లో తప్పులు, మూడు లక్షల మందికి పైగా ఫెయిల్, ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేసి మళ్లీ చూస్తే 99. ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. చెప్పండి, వాళ్లకి ఆ ఆలోచన ఏ కౌన్సెలర్ నూరిపోశాడు? ఏ టీచర్ అడిగి చెడగొట్టింది? ఎవరూ అడగలేదు, అదే జరిగింది. మరి ఎవరి మీద కంప్లైంట్ ఇద్దాం?

ఒక చిన్న ముక్క మాత్రం నిజం ఈ నాలుగోదాంట్లో. వార్తల్లో ఎలా పోయారు, ఎక్కడ పోయారు, చీటీలో ఏం రాశారు అని గంటకోసారి గ్రాఫిక్స్ వేసి చూపిస్తే అప్పటికే బాధలో ఉన్న పిల్లల మీద చెడ్డగా పనిచేస్తుంది, అది నిజం. కానీ అది చేసేది టీవీ, టీచర్ కాదు. ఇంకా చెప్పాలంటే అలాంటి వీడియోలు పోయినేడాది రిజల్ట్స్ టైంలో ఏ గ్రూప్‌లో ఎవరు పంపారో స్క్రోల్ చేసి చూసుకోండి, నేను పేర్లు చెప్పను.

ఐదోది: కౌన్సెలర్ దగ్గరికెళ్తే రికార్డులకెక్కుతుంది, పోలీసు కేసవుతుంది, ఉద్యోగం రాదు, ఆడపిల్లకైతే సంబంధాలు రావు. ఎర్రగడ్డ అనే ఊరిపేరుని తిట్టుగా మార్చుకున్న జాతి మనది, భయం ఎక్కణ్ణుంచొచ్చిందో అర్థమవుతుంది. కానీ 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు బయటపెట్టకూడదు, ఆత్మహత్యా ప్రయత్నం చేసి బతికిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన 309 సెక్షన్ పేరు చెప్పి భయపెట్టే పెద్దమనుషులకి ఇంకో వార్త, 2024 జూలైలో కొత్త న్యాయ సంహిత వచ్చాక ఆ పాత సెక్షనే లేదు. పెళ్లిసంబంధాల సంగతంటారా, పిల్ల బతికుంటే అప్పుడు చూద్దాం.

ఆరోది చూసి మీకు గట్టిగా ఇవ్వాలనుకున్నా. "పిల్లలు స్కూల్లో చెప్పుకుంటే ఇంటి గుట్టు స్టాఫ్ రూమ్‌లో పకోడీలతో నంజుకుంటారు." రాసిందెవరో గానీ, ఇది మాత్రం నిజం. మూడేళ్ల క్రితం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లీజర్ పీరియడ్‌లో నా దగ్గరికొచ్చి, ఊరికే ఏడుపొస్తోంది టీచర్, పొద్దున లేవాలంటే భయమేస్తోంది అంది, ఇంట్లో సంగతులు రెండు చెప్పింది. సలహా అడుగుదామనే నేను స్టాఫ్ రూమ్‌లో ఒక మేడంతో అన్నా. మూడోరోజు లెక్కల క్లాసులో ఆ పిల్ల లెక్క తప్పు చేస్తే, "నీకు ఇంట్లో టెన్షన్లు కదమ్మా" అని నలభై మంది ముందు అన్నారు లెక్కల సార్. వెటకారంగా కూడా కాదు, జాలిగానే. ఆ పిల్ల మళ్లీ నా దగ్గరికి రాలేదు. టెన్త్ పాసై వెళ్లేదాకా నాకు గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట చెప్పలేదు.

కాబట్టి టీచర్లే చూసుకుంటారులే అనేవాళ్లని నేను సమర్థించను. బీహార్ నలందా జిల్లాలో 74 ప్రభుత్వ స్కూళ్లలో చేసి చూశారు, పిల్లల ఆరోగ్యం కోసం ఒకే ప్రోగ్రాం, కొన్నిచోట్ల దాన్ని టీచర్లు నడిపారు, కొన్నిచోట్ల ఇదే పని మీద పెట్టిన బయటి మనిషి నడిపారు. ఆ మనిషి డాక్టరేమీ కాదు, ట్రైనింగ్ ఇచ్చిన మామూలు మనిషే. ఆ మనిషి ఉన్న స్కూళ్లలో పిల్లల కుంగుబాటు, ఏడిపించడాలు తగ్గాయి, టీచర్లు నడిపినచోట చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. మార్కులేసేదీ నేనే, పేరెంట్స్‌ని పిలిపించేదీ నేనే, మనసు విప్పమనేదీ నేనేనా?

ఆ మాటకొస్తే ఏ క్లాసు పెట్టినా మేలే అని కూడా అనను. బ్రిటన్‌లో ఎనిమిది వేల మంది పిల్లల్ని తీసుకుని, సగం స్కూళ్లలో ధ్యానం లాంటిది నేర్పి చూస్తే మామూలు స్కూళ్లకన్నా మెరుగేమీ కనిపించలేదు, 2022లో వాళ్లే ఒప్పుకున్నారు. కళ్లు మూసుకోండి అని ఒక పీరియడ్ గడిపేసి ఫోటో తీసి ఆఫీసు గ్రూప్‌లో పెడితే అయిపోయే పని కాదిది.

విశాఖలో నీట్ కోచింగ్‌కెళ్లిన 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది, వంద మంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న ప్రతి సంస్థలోనూ ట్రైనింగ్ ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, కోచింగ్ సెంటర్లు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టొద్దని. మీ మనవరాలి కాలేజీలో ఆ కౌన్సెలర్ ఎవరో అడిగారా బాబాయ్? ఫీజు కట్టేటప్పుడు అడగండి, అప్పుడే సమాధానం చెప్తారు.

మా స్కూల్లో కౌన్సెలర్‌గా ఇంకా ఎవరూ రాలేదు. 14416 అని టెలి మానస్ నెంబరుంది, మనసు బాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. దాన్ని చార్టు మీద రాసి హెడ్‌మాస్టర్ రూమ్ బయట అంటించా, ఒక్కరూ దాని వంక చూసిన పాపాన పోలేదు. అక్కడ నిలబడి నెంబరు రాసుకుంటే ఊరంతా తెలిసిపోదూ, ఆమాత్రం తట్టలేదు నాకు. తీసుకెళ్లి బాత్రూమ్ తలుపులకి లోపలివైపు అంటించాం, అబ్బాయిల వైపు పీఈటీ సార్ అంటించారు. మొన్న ఆడపిల్లల వైపు చూస్తే నెంబరు కింద ఎవరో పెన్సిల్‌తో చిన్నగా రాశారు, "రాత్రి కూడా ఎత్తుతారు" అని.